ఆట కంపెనీ అనుమతి పాటకు వర్తిస్తుందా?

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. వీడియో గేములు ఆడుతూ, మన నెల్లూరు యాసలో వ్యాఖ్యానం చెప్పి యూట్యూబ్‌లో పెడుతుంటాను. ఇలాంటి వీడియోలు పెట్టుకుని ప్రకటనల ఆదాయం కూడా పొందవచ్చని ఆట కంపెనీ తన వెబ్‌సైట్‌లో ప్రకటించింది. అయినా ఈమధ్య ఒక వీడియోకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చి, దాని ఆదాయం ఒక సంగీత సంస్థకు పోతున్నది. ఆటలోని కారు రేడియోలో వచ్చిన పాట అందులో 30 సెకన్లకు మించి లేదు. ‘హక్కులన్నీ అసలు యజమానులవే’ అని కింద రాశాను కూడా. ఇది ఫెయిర్ యూజ్ (అనుమతి అక్కర్లేని న్యాయమైన వాడకం) కాదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీకు క్లెయిమ్ వచ్చింది పాట మీద, ఆట మీద కాదు. పాటను తన ఆటలో వాడుకోవడానికి కంపెనీ సంగీత సంస్థ నుంచి అనుమతి తీసుకుని ఉన్నా, దాన్ని మీకు బదలాయించే హక్కు సాధారణంగా దానికి ఉండదు. 30 సెకన్ల లోపు వాడుకోవచ్చన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ఇక మీరు కింద రాసిన వాక్యం అనుమతి కిందకు రాదు సరికదా, ఆ పాట పరాయిదని మీకు ముందే తెలుసని మీ చేతి రాతతోనే ఒప్పుకున్నట్టవుతుంది.

ఫెయిర్ యూజ్ అమెరికా చట్టంలోని మాట. అక్కడ వాడుక ఉద్దేశం, కృతి స్వభావం, తీసుకున్న భాగమెంత, మార్కెట్‌కు కలిగే నష్టమెంత అనే నాలుగు అంశాలను కోర్టు తూచి చూస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అంత విశాలమైనది కాదు. సొంత అవసరం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్తలు వంటి పేర్కొన్న ప్రయోజనాలకే అది ‘ఫెయిర్ డీలింగ్’ మినహాయింపునిస్తుంది. ఆ నిబంధన కంప్యూటర్ ప్రోగ్రామును పక్కన పెట్టింది కనుక, ఆటల విషయంలో అదెంతవరకు వర్తిస్తుందన్న వాదనకూ తావుంది. దృశ్యాన్ని ఆపి, ఈ ఘట్టాన్ని ఇలా ఎందుకు కూర్చారో, ఎక్కడ తేలిపోయిందో మీరు వివరిస్తే దాన్ని సమీక్ష అనవచ్చు. గంటల తరబడి ఆడుతూ మధ్యమధ్య ‘అబ్బా, చచ్చాను’ అంటే, అది ఎంత చక్కని యాసలో ఉన్నా, సమీక్ష అనిపించుకోవడం కష్టం. జపాన్ ఆటల కంపెనీ నింటెండో 2018లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా, వీడియోలో మీ సొంత సృజన ఉండాలనే అడుగుతాయి.

మీ వీడియోలో పాట గురించి మీరు మాట్లాడిందేమీ లేనట్టుంది కనుక, క్లెయిమ్‌ను సవాలు చేయమని నేను చెప్పను. సవాలు చేస్తే అవతలివారికి 30 రోజుల గడువుంటుంది. వారు పట్టుబడితే వీడియో తొలగింపు దాకా వెళ్లి, మీ ఛానెల్‌పై స్ట్రైక్ (ఉల్లంఘనకు యూట్యూబ్ వేసే హెచ్చరిక) పడవచ్చు. క్లెయిమ్‌కూ స్ట్రైక్‌కూ తేడా చాలా ఉంది. క్లెయిమ్‌తో సాధారణంగా పోయేది ఆ వీడియో ఆదాయమే. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. కాబట్టి యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో ఆ పాట ఉన్న భాగాన్ని మ్యూట్ చేయండి, క్లెయిమ్ తొలగిపోతుంది. ఇకముందు రికార్డింగ్ మొదలుపెట్టే ముందే ఆట సెట్టింగుల్లో రేడియో శబ్దాన్ని ఆపేయండి; లైసెన్సు పాటలను వినిపించకుండా చేసే స్ట్రీమర్ మోడ్ కూడా చాలా ఆటల్లో ఉంటుంది.