ఛాతీ పట్టేస్తుంటే గ్యాస్ మాత్రతో కొండ ఎక్కకండి

ప్రశ్న: నా వయసు 59. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం టిఫిన్‌తో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. వచ్చే నెల ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఒక ఆదివారం రైల్లో ఈడేల్ వెళ్లి, కొండ దాటి కాసిల్‌టన్ దాకా నడిచి, అక్కడ పబ్‌లో భోజనం చేసి, మళ్లీ అదే దారిలో నడిచి రావాలని మావాడి ఆలోచన. రానూపోనూ దాదాపు పది కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుని బయలుదేరవచ్చా? ఎలాంటి బూట్లు కొనాలి? భోజనంతో అర పైంటు బీరు తాగితే ఫరవాలేదా? మెట్లెక్కితే అప్పుడప్పుడూ ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది గానీ అది గ్యాస్. మాత్ర వేసుకుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బూట్ల సంగతి తర్వాత చూద్దాం. మీరు చివరి రెండు వాక్యాల్లో రాసింది ముందు మాట్లాడుకోవాలి.

మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, ఆగితే ఐదు నిమిషాల్లో సర్దుకోవడం. ఇది గ్యాస్ అని మీకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పినట్టు రాయలేదు కాబట్టి మీరే తేల్చుకున్నారని అనుకుంటున్నాను. గ్యాస్‌కు వాడే మాత్రల్లో చాలావాటికి పని మొదలుపెట్టడానికే అరగంట, గంట పడుతుంది. మీకు ఐదు నిమిషాల్లో తగ్గుతోందంటే బహుశా మాత్ర వల్ల కాదు. మాత్ర వేసుకోవడానికి మీరు మెట్లెక్కడం ఆపి కూర్చున్నారు, అందువల్ల తగ్గింది. శ్రమ పడితే వచ్చి, విశ్రాంతితో పోయే ఛాతీ బిగుతును మేము ముందుగా గుండె రక్తనాళాల సమస్యగానే అనుమానిస్తాం. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా ఇది యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి, అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. 59 ఏళ్ల వయసు, పదకొండేళ్ల షుగర్, బీపీ ఉన్న మనిషిలో దాన్ని గ్యాస్ అని వదిలేయడం మాత్రం సరికాదు.

షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవారిలో గుండె నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు. కొందరికి ఆయాసమే ఉంటుంది, కొందరికి దవడలోనో ఎడమ చేతిలోనో లాగినట్టు ఉంటుంది, కొందరికి అసలేమీ ఉండదు. మీకు కనీసం ఒక సూచన అందుతోంది. దాన్ని మాత్రతో అణచివేస్తూ నెలలు గడపడం నాకు బాధ కలిగిస్తోంది. ఆలస్యమైపోయాక ఆసుపత్రికి వచ్చేవారిలో ఎంతోమంది జేబుల్లో గ్యాస్ మాత్రల స్ట్రిప్పు ఉంటుంది. దయచేసి ఈ వారంలోనే గుండె వైద్యుణ్ని కలవండి. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసే ఈసీజీ సాధారణంగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పడకండి, యాంజైనా ఉన్నవారిలోనూ అది మామూలుగానే రావచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్, సీటీ యాంజియో వీటిలో ఏది కావాలో ఆయన నిర్ణయిస్తారు. ఈలోగా విశ్రాంతిగా ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, పదిహేను నిమిషాలకు మించి ఉన్నా, చెమటలు పట్టినా మాత్ర వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రయాణం. ఆ దారిని మ్యాపులో చూశాను. ఈడేల్ నుంచి హోలిన్స్ క్రాస్ అనే చోట గట్టు దాటి కాసిల్‌టన్‌లోకి దిగుతారు. పక్కనే ఉన్న మామ్ టోర్ శిఖరం 517 మీటర్లు. ఎక్కడం కన్నా నాకు భయం కలిగించింది తిరుగు ప్రయాణం. ఆదివారం పబ్‌లో వడ్డించే రోస్టు భోజనం తేలికైనది కాదు. మాంసం, బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగు, గ్రేవీ అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. కడుపు నిండా తిని, వెంటనే మళ్లీ అదే గట్టు ఎక్కడం, దానికి తోడు పైన చల్లటి ఎదురుగాలి. నిండు భోజనం, ఎత్తు ఎక్కడం, చలి, ఈ మూడూ యాంజైనాను రెచ్చగొట్టేవే. మీ అబ్బాయికి తెలియక ఆ మూడింటినీ ఒకే గంటలో పెట్టాడు.

పరీక్షలు బాగున్నాయని వైద్యుడు అనుమతిస్తే ఉదయం ఎక్కండి, భోజనం తర్వాత ఎక్కవద్దు. కాసిల్‌టన్ నుంచి హోప్ ఊరి వైపు వాగు పక్కగా దాదాపు చదునైన దారి ఉంది. ఊరు దాటాక వచ్చే హోప్ స్టేషన్ మీరు వచ్చిన రైలు మార్గంలోనే ఉంటుంది. అంత దూరం కూడా వద్దనుకుంటే షెఫీల్డ్‌కు బస్సు ఉంది. పరీక్షలు పూర్తికాకుండానే వెళ్లాల్సి వస్తే కొండ జోలికి వెళ్లకండి. బస్సులో నేరుగా కాసిల్‌టన్ చేరి, ఆ ఊళ్లోనే చదునుగా ఉన్నచోట మెల్లగా తిరగండి, అదీ ఛాతీ పట్టేయనంత వరకే.

డైక్లోఫెనాక్ వద్దు. మీరు వాడే బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. వాటికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు తోడై, నడకలో నీళ్లు తక్కువ తాగితే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె జబ్బు అనుమానం ఉన్నవారికి ఆ మందు మరింత చేటు. బ్రిటన్‌లో 2015 నుంచి డైక్లోఫెనాక్ మాత్రలను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మనివ్వకపోవడానికి కారణం ఈ గుండె ముప్పే. మన దగ్గర దుకాణంలో అడిగితే ఇచ్చేస్తారు, మనవాళ్లు సూట్‌కేసు నిండా తీసుకెళ్తారు. కాలేయం బాగుంటే పారాసిటమాల్ సరిపోవచ్చు, మోతాదు మీ వైద్యుణ్ని అడగండి. అలాగే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ, రెండు చేతి కర్రలు పట్టుకుంటే చాలా తేడా ఉంటుంది.

షుగర్ విషయంలో మీరు అడగనిది ఒకటి చెప్పాలి. గ్లిమిపిరైడ్ వేసుకున్న రోజు భోజనం ఆలస్యం కాకూడదు. ఎనిమిదింటికి టిఫిన్ తిని, కొండ దాటి, ఆదివారం రద్దీలో బల్ల కోసం ఎదురుచూస్తే రెండున్నర అవుతుంది. కొన్ని పబ్బుల్లో మధ్యాహ్నం దాటితే వంటగది మూసేస్తారు కూడా. అందుకని బల్ల ముందే బుక్ చేయించండి, పదకొండింటికి ఏదైనా తినండి. ఆ రోజు మాత్ర మోతాదు తగ్గించాలో లేదో మీ వైద్యుడు చెప్పాలి. నా జవాబు చదివి మీరే సగం చేసుకోకండి.

వణుకు, చెమట, కళ్లు తిరగడం మొదలైతే నడక ఆపి షుగర్ చూసుకోండి. అక్కడ కొన్న మీటర్‌లో అంకెలు వేరుగా ఉంటాయి. మన 72 వాళ్ల 4. అంతకంటే తగ్గితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మీ మాత్రలో వోగ్లిబోస్ ఉంది, కాబట్టి పంచదార, చాక్లెట్, బిస్కెట్లు త్వరగా పనిచేయవు. పంచదారను విడగొట్టే ప్రక్రియనే ఆ మందు ఆలస్యం చేస్తుంది. జేబులో గ్లూకోజ్ మాత్రలో, గ్లూకోజ్ పొడో ఉండాలి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

బీరు గురించి అడిగారు. అర పైంటు అంటే 284 మిల్లీలీటర్లు. గుండె పరీక్షలు సరిగా ఉండి, మీ వైద్యుడు వద్దనకపోతే, భోజనంతో పాటు అంతవరకు తాగడం వల్ల పెద్ద హాని ఉండకపోవచ్చు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. మద్యం కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదలను అడ్డుకుంటుంది. నడక తర్వాత కండరాలు రాత్రంతా గ్లూకోజ్ లాక్కుంటూనే ఉంటాయి. అందువల్ల షుగర్ పడిపోవడం ఆ రాత్రి నిద్రలో జరగవచ్చు. పడుకునే ముందు తప్పకుండా చూసుకోండి. తూలడం, మాట తడబడటం షుగర్ పడిపోయినా ఉంటాయి. పక్కనున్నవాళ్లు మత్తు అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది, మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.

బూట్లు వేళ్ల దగ్గర వదులుగా, నీరు దిగనివి, అడుగు జారనివి అయితే చాలు. ఇప్పుడే కొని ఇంట్లో రోజూ కాసేపు వేసుకోండి. కొత్తవి వేసుకుని నేరుగా కొండకు వెళ్తే పొక్కులు వస్తాయి, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే అవి మీకు తెలియవు. సాయంత్రం రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోండి. గడ్డిలో నడిచారు కాబట్టి పిక్కల మీద పిడుదు పురుగు ఏదైనా అంటుకుందేమో కూడా చూడండి.

అక్కడ అత్యవసరమైతే 999. కొండ మీద ఉంటే పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ప్రయాణ బీమాలో షుగర్, బీపీతో పాటు ఈ ఛాతీ నొప్పిని కూడా దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అక్కడ ఆసుపత్రిలో చేరితే సందర్శకుల నుంచి వసూలు చేసే బిల్లు చిన్నది కాదు.

గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ గ్యాస్ మాత్రల స్ట్రిప్పు, డైక్లోఫెనాక్ స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టండి.