విలీనం సంగతి వదలండి, రసీదులు వెతకండి

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ నేను అభిమానించే వినోద సంస్థ మరో పెద్ద సంస్థలో విలీనమై 19 నెలలైంది. మరుసటి నెలే పాత యాప్ మూసేసి, అందరినీ కొత్త యాప్‌లోకి మార్చారు. ఏడాది చందాతో చూసే సీరియళ్లు చాలావరకు పోయాయి. విడిగా డబ్బు కట్టి ‘కొనండి’ బటన్ నొక్కి కొన్న సినిమాలు కూడా కనబడటం లేదు. అభిమానులమంతా కలిసి హైకోర్టులో పిల్ వేసి విలీనాన్ని రద్దు చేయించవచ్చా? అప్పటిదాకా ఆ సినిమాల కాపీలు మా గ్రూపులో పంచుకుంటే తప్పా?

జవాబు: మీ ఉత్తరంలో చాలా భాగం ఆ సంస్థ మీద మీ అభిమానం గురించే ఉంది. కేసుకు పనికొచ్చే మాట మాత్రం ఒక్కటే: ‘కొనండి’ అని చెప్పి అమ్మిన సినిమాలు ఇప్పుడు మీకు అందుబాటులో లేవు.

విలీనం రద్దు ఆలోచన మానుకోండి. పెద్ద విలీనాలకు అనుమతి ఇచ్చే కాంపిటీషన్ కమిషన్ చూసేది మార్కెట్లో పోటీ దెబ్బతింటుందా అన్నదే. 2022లో జీ, సోనీ విలీనానికి మూడు హిందీ ఛానళ్లు అమ్మేయాలన్న షరతుతో అనుమతి ఇచ్చింది. 2024 ఆగస్టులో రిలయన్స్, డిస్నీ విలీనానికీ మార్పులతోనే ఒప్పుకుంది. అభ్యంతరాలు చెప్పుకోవాల్సింది ఆ దశలో. కమిషన్ ఉత్తర్వుపై అప్పీలుకు గడువు 60 రోజులు. విలీనం అమల్లోకి వచ్చి ఏడాది దాటితే కాంపిటీషన్ చట్టం సెక్షన్ 20 కింద కమిషన్ విచారణ మొదలుపెట్టడానికీ వీల్లేదు. ఇంత ప్రత్యేక వ్యవస్థ ఉండగా, గడువులన్నీ దాటాక పిల్ వేస్తే హైకోర్టు దాన్ని విచారణకు తీసుకోవడం దాదాపు అసాధ్యం.

మీకు మిగిలిన దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన ఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సినిమాలు మాయమై 18 నెలలు గడిచాయి కాబట్టి మీ చేతిలో ఉన్నది ఆరు నెలలే. కంపెనీకి మెయిళ్లు పెడుతూ కూర్చున్నా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఈ గడువు ఆగదు. చాలామంది ఇక్కడే మోసపోతారు.

చందాను, కొనుగోలును కలిపి రాయకండి. చందా షరతుల్లో కార్యక్రమాలు మారవచ్చని, తీసేయవచ్చని సాధారణంగా రాసే ఉంటుంది. ఆ వాదన బలహీనం. కొన్న సినిమాల మీదే నిలబడండి. అది సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాయండి. షరతులే అన్యాయమైన ఒప్పందం అంటూ కొట్టేయమని అడిగితే కేసు రాష్ట్ర కమిషన్‌కు పోతుంది, మీకు ఆ అవసరం లేదు. పాత కంపెనీ బాధ్యత మాది కాదని వాళ్లు అంటే భయపడకండి. మామూలుగా విలీన పథకంలో ఆస్తులతో పాటు బాధ్యతలూ కొత్త కంపెనీకి వస్తాయి. విలీనాన్ని ఆమోదించిన కంపెనీ లా ట్రిబ్యునల్ ఉత్తర్వు నకలు తీసుకుని జతచేయండి. వివాదాలు ఆర్బిట్రేషన్‌లోనే (కోర్టు బయట మధ్యవర్తి ముందు) తేల్చుకోవాలని షరతుల్లో ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

ఇక సాక్ష్యం. రసీదు మెయిళ్లు ‘అనవసరం’ అని తీసేశానని తీరిగ్గా రాశారు. ఇంత అభిమానం ఉన్నవారు కొన్నదానికి ఒక్క కాగితమైనా దాచుకోరా? ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, యూపీఐ లావాదేవీల చరిత్ర తీయండి. యాప్ మూసేస్తున్నట్టు వచ్చిన మెసేజ్ ఫోన్‌లో ఉందేమో చూడండి. కొత్త యాప్‌లో మీ ఖాతా తెరిచి, ఆ సినిమాలు లేవని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతచేయండి. అది లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మీతోపాటు కొన్నవారు ఉంటే, కమిషన్ అనుమతితో అందరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. కానీ ఎవరి రసీదు వారిదే.

కాపీలు పంచుకునే పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. అందుకోసం డిజిటల్ తాళం పగలగొడితే సెక్షన్ 65ఎ వేరుగా వస్తుంది. మీరు డబ్బు కట్టారన్నది గ్రూపులో పంచడానికి సమాధానం కాదు. పైగా ఫిర్యాదుదారుగా ఉన్న మీరే నిందితులవుతారు.

ఈ వారమే కొత్త కంపెనీకి లీగల్ నోటీసు పంపి 15 రోజులు ఇవ్వండి. సినిమాలు తిరిగి ఇవ్వాలి, లేదా కట్టిన డబ్బు వడ్డీతో, పరిహారంతో ఇవ్వాలి అని అడగండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఈ-జాగృతి ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయండి. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు.