పీఐసీయూలో (పిల్లల ఐసీయూలో) తొలి రాత్రి డ్యూటీకి ముందు

ప్రశ్న: ఎండీ పీడియాట్రిక్స్ అయ్యాక పిల్లల క్రిటికల్ కేర్‌లో డీఆర్‌ఎన్‌బీలో (సూపర్ స్పెషాలిటీ శిక్షణలో) చేరాను. వచ్చే నెల నుంచి రాత్రి డ్యూటీలు. ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలో ట్యూబ్ వేయడం) చేయగలను. ఇంకా ఏం సాధన చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ట్యూబ్ వేయడం మీకు వచ్చు. షాక్‌లో (రక్తప్రసరణ పడిపోయి) ఉన్న బిడ్డకు వేయడం మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. ఆ బిడ్డ బీపీని నిలబెడుతున్నది ఒంట్లో ఊరే అడ్రినలిన్. మత్తు ఇవ్వగానే అది తగ్గుతుంది. ఆపైన వెంటిలేటర్ ఒత్తిడికి గుండెకు చేరే రక్తమూ తగ్గుతుంది. ఇలాంటి బిడ్డల్లో చాలా అరెస్టులు (గుండె ఆగిపోవడాలు) ట్యూబ్ వేసిన మొదటి కొద్ది నిమిషాల్లోనే జరగడానికి కారణం ఇదే. అందుకే లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) పట్టే ముందే సిరల్లోకి రెండు లైన్లు, అవసరమైతే కిలోకు 10 మి.లీ. బోలస్ (ఒక్కసారిగా ఎక్కించే ద్రవం), పంపులో అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. మత్తుమందు కెటమిన్ మోతాదు కిలోకు 1 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువకు దించండి, కండరాలను సడలించే రోక్యురోనియం మాత్రం కిలోకు 1 మి.గ్రా. కంటే తగ్గించవద్దు. ఇంకో మత్తుమందు ప్రొపోఫాల్ జోలికి పోకండి.

ఇక ఆ అడ్రినలిన్‌ను మీ చేత్తో కలపడం నేర్చుకోండి. మన ఆంప్యూల్‌లో 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటుంది. దానికి 9 మి.లీ. సెలైన్ చేర్చాలి. అప్పుడు అరెస్టులో మోతాదు కిలోకు 0.1 మి.లీ., అంటే 10 కిలోల బిడ్డకు 1 మి.లీ. హడావిడిలో కలపని సిరంజి చేతికొస్తే అదే 1 మి.లీ. పది రెట్ల మోతాదవుతుంది. సిరంజి నింపిన మరుక్షణమే లేబుల్ అంటించండి, లేబుల్ లేనిది పారేయండి.

ఇన్ఫ్యూజన్‌కు (పంపుతో ఆగకుండా ఎక్కించడానికి) లెక్క: కిలోల్లో బరువును 0.3తో హెచ్చవేసి, అన్ని మి.గ్రా. తీసుకుని, మొత్తం 50 మి.లీ. చేయండి. గంటకు 1 మి.లీ. అంటే కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్. ఇక్కడ చాలామంది ఒక చిక్కు గమనించరు. సిరంజిని పంపులో పెట్టాక ప్లంజర్‌కూ పంపు గ్రిప్‌కూ మధ్య కొద్దిగా ఖాళీ మిగులుతుంది. గంటకు అర మి.లీ. వేగంలో ఆ ఖాళీ పూడేసరికే నిమిషాలు గడిచిపోతాయి. తెర మీద అంకె కనిపిస్తున్నా బిడ్డకు మందు చేరదు. లైన్‌ను బిడ్డకు తగిలించక ముందే పర్జ్ (లైన్‌ను మందుతో నింపే బటన్) నొక్కి, చివర చుక్క రావడం కళ్లారా చూడండి.

ట్యూబ్ సైజు లెక్క చిన్నదే: కఫ్ (చివర గాలితో ఉబ్బే బుడగ) ఉన్నదానికి వయసును నాలుగుతో భాగించి 3.5 కలపాలి. నాలుగేళ్ల పాపకు 4.5. పెదవి దగ్గర లోతు సైజుకు మూడు రెట్లు, 13.5 సెం.మీ. పక్కన 4, 5 సైజులూ ఉంచుకోండి. తర్వాత శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) పడిపోతే వెంటిలేటర్ విప్పి, చేత్తో బ్యాగ్ నొక్కి ఊపిరి ఇస్తూ, ట్యూబ్ జారిందా, మూసుకుందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా, యంత్రం చెడిందా అని ఆ వరుసలోనే చూడండి.

ప్రశ్న: మాది చిన్న యూనిట్, ఖరీదైన సిమ్యులేటర్ లేదు. కొత్త ఫెలోలకు (శిక్షణలో ఉన్న డాక్టర్లకు) అరెస్టు శిక్షణ ఎలా ఇవ్వాలి?
– ఒక కన్సల్టెంట్, విశాఖపట్నం

జవాబు: మామూలు సీపీఆర్ బొమ్మ, ఖాళీ మంచం చాలు. ఆ షిఫ్టులో ఉన్న నర్సులతోనే పది నిమిషాలు చేయించండి, ఫెలోలను మాత్రమే పోగేస్తే సగం ప్రయోజనం పోతుంది. తప్పు జరిగిన చోటే ఆపి, పది సెకన్లు వెనక్కి వెళ్లి, సరిగ్గా వచ్చేదాకా మళ్లీ చేయించండి. చివర్లో అన్నీ కలిపి చెబితే చేతికి అలవాటు పట్టదు. ఒకరు గడియారం పట్టుకుని రెండే రాయాలి: మొదటి అడ్రినలిన్ ఎన్ని నిమిషాలకు పడింది, కంప్రెషన్లు పది సెకన్లు మించి ఎన్నిసార్లు ఆగాయి. ట్యూబ్ పడ్డాక ఊపిరులు రెండు మూడు సెకన్లకు ఒకటి చొప్పున సాగాలి. కంగారులో అంతకంటే వేగంగా బ్యాగ్ నొక్కేస్తారు, అది ఛాతీలో ఒత్తిడి పెంచి గుండెకు రక్తం రానివ్వదు.

శిక్షణకు గడువు తీరిన ఆంప్యూల్స్ వాడితే వాటిని వేరే రంగు డబ్బాలో పెట్టండి. అయిపోగానే సిరంజిలతో సహా లెక్కపెట్టి తీసేయండి. ఒక్కటి క్రాష్ ట్రాలీలో (అత్యవసర మందుల బండిలో) మిగిలినా అసలు అరెస్టులో అది బిడ్డకు వెళ్తుంది.