జ్వరం తగ్గాక ఇంకో రోజు ఇంట్లో ఉంచాలా? ఒకటో తరగతి టీచర్‌గా నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "బాబు స్కూల్ నుంచి తల్లిదండ్రులకు ఆరోగ్య నియమాలని ఒక కాగితం పంపారు. జ్వరం మందు వేయకుండా 24 గంటలు ఒళ్లు చల్లగా ఉంటేనే పంపమన్నారు. యూనిట్ టెస్టులప్పుడు కూడానా? ఇది అతి కాదా?"

అతి కాదండి. నన్నడిగితే ఆ కాగితంలో ముందుగా పాటించాల్సింది అదే, అందులోనూ "మందు వేయకుండా" అన్న మాట. నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. పొద్దున ఏడున్నరకి పట్టించిన పారాసెటమాల్ నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. అందుకే మా క్లాసులో జ్వరాలన్నీ లంచ్ బెల్‌కి కాస్త ముందే వస్తాయి. ఫస్ట్ పీరియడ్‌లో గెంతినవాడు నాలుగో పీరియడ్‌కి బల్ల మీద తల వాల్చేస్తాడు.

ఒకసారి ఫిబ్రవరి నెలాఖర్లో లెక్కల టెస్టు పెట్టాం. ఒకబ్బాయి తల నున్నగా దువ్వుకుని, నుదుటన విభూతితో వచ్చాడు. కాలర్ మీద నారింజ రంగు మరక, దగ్గరికొస్తే సిరప్ తియ్యటి వాసన. "ఒంట్లో బాలేదా నాన్నా?" అంటే తల అడ్డంగా ఊపాడు. టెస్టు చక్కగా రాశాడు, ఇరవైకి పద్దెనిమిది. పదకొండున్నరకి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "మందు తాగావా?" అని మళ్లీ అడిగితే, "తాగానని టీచర్‌కి చెప్పొద్దంది అమ్మ" అని బావురుమన్నాడు. నీళ్లు తాగించి పై గుండీ తీస్తే మెడ కింద రెండు నీటి పొక్కులు, చుట్టూ ఎర్రగా. ఆటలమ్మ.

వాళ్లమ్మ ఫోన్ స్విచాఫ్. నాన్న మిర్చి యార్డులో గుమస్తా, సీజన్‌లో అక్కడ ఫోన్ మోగినా వినపడదు. చివరికి కొత్తపేట నుంచి నానమ్మ ఆటోలో వచ్చింది. "పొద్దున కాలుతూనే ఉందమ్మా, పంపొద్దే అంటే పరీక్ష అంది" అని గేటు దగ్గరే మొదలెట్టింది. ఆవిడ వచ్చేదాకా పిల్లాడు ఆఫీసు పక్కన బెంచీ మీద పడుకున్నాడు. మా "సిక్ రూమ్" అంటే ఆ బెంచీయే. థర్మామీటర్ ఉంది, అందులో బ్యాటరీ లేదు. నియమాల కాగితం రంగుల్లో అచ్చేసే ముందు ఆ బ్యాటరీ కొనాలని నేనూ ఎన్నోసార్లు అడిగాను.

ఆటలమ్మ పొక్కులు కనపడటానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. అంటుకున్నవాళ్లలో బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. కాబట్టి ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. మార్చి మధ్యలో, రివిజన్ జోరుగా నడుస్తుండగా, వాడి బెంచీలో వాళ్లు, వాడితో ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిట్లు మాత్రం స్కూలుకే: బాత్రూములు కడగరట, అందుకే వచ్చిందట! ఆటలమ్మ గాలి ద్వారా, పొక్కుల రసం తగలడం ద్వారా వస్తుందని రాస్తే ఒక్కళ్లూ బదులివ్వలేదు.

మా అమ్మమ్మ వాళ్లయితే అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండ కట్టి, నీళ్లు పోసేదాకా పిల్లల్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా బడికి పంపొద్దని ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. దీనికి టీకా ఉంది, రెండు డోసులు. ప్రభుత్వం ఉచితంగా వేసే వాటిలో లేదు కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలీదు, పిల్లల డాక్టర్ని అడగండి. ఆటలమ్మలో జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం వేయకండి, పిల్లలకి ప్రమాదం.

2023లో కళ్లకలకలు ఊరంతా తిరిగినప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టి పంపినవాళ్లున్నారు. చూస్తే అంటుకుంటుందనుకున్నారు పాపం. అది చేతుల ద్వారా, తుడుచుకున్న కర్చీఫుల ద్వారా అంటుకుంటుంది. కళ్లద్దాలు మార్చి మార్చి పెట్టుకుని పిల్లలే పంచేసుకున్నారు. తలలో పేలు ఉన్నాయని మాత్రం సిగ్గుపడి వారం మాన్పిస్తారు. పేలకి బడి మానక్కర్లేదండీ, మందు రాసి దువ్వితే చాలు.

అసలు నా కోపం నూరు శాతం హాజరు సర్టిఫికెట్ మీద. ఒక చేత్తో "జ్వరమొస్తే పంపకండి" అనే కాగితం, ఇంకో చేత్తో ఒక్కరోజూ మాననివాళ్లకి వార్షికోత్సవంలో షీల్డు. ఏ తల్లి ఏది నమ్ముతుంది? పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే "తల్లికి వందనం" డబ్బులకైనా కావాల్సింది 75 శాతం హాజరే. పిల్లలకి జ్వరాలు రావన్నట్టు మా వాళ్లకే నూరు కావాలి. ఆ బహుమతి ఎత్తేస్తే సగం సిరప్ సీసాలు ఇంట్లోనే ఉంటాయని నా గట్టి నమ్మకం.

అమ్మానాన్నా ఇద్దరూ పనికెళ్లే ఇళ్లలో కష్టమే, కాదనను. బట్టల షాపులో నిలబడే అమ్మకి ఒకరోజు సెలవంటే ఒకరోజు జీతం. అలాంటివాళ్లు కనీసం మందు వేశామని డైరీలో ఒక ముక్క రాయండి, ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి ఇవ్వండి. మేం కన్నేసి ఉంచుతాం.

ఇక మీరడిగిన యూనిట్ టెస్టు. అది మార్కుల జాబితాలో ఒక గడి, అంతే. ముందురోజు ఒక మెసేజ్ పెడితే బాబు వచ్చాక లంచ్ తర్వాత కూర్చోబెట్టి రాయిస్తాను, అరగంట పని. పదో తరగతి వాళ్లకైతే సప్లిమెంటరీ కూడా ఉంది. మీవాడు ఇంకా ఒకటో రెండో చదువుతుంటాడు, రేపు పడుకోనివ్వండి.