పాఠకుల ప్రశ్నలు: ఆరు చోట్ల షాపులు, ఒకటే ఖాతా

ప్రశ్న: నమస్కారమండీ. మాకు భీమవరంలో హెడ్డాఫీసు, ఆకివీడు, కాళ్ల, కైకలూరు, పాలకొల్లు, మలికిపురంలో చేపలు, రొయ్యల చెరువుల మేత, మందుల షాపులు ఉన్నాయి. రైతుకి పట్టుబడి అయ్యేదాకా అరువే కదా. ఆకివీడులో బాకీ ఉన్నాయన కైకలూరు వెళ్లి మళ్లీ సరుకు ఎత్తితే అక్కడి కుర్రాడికి తెలియట్లేదు. బిల్లింగు సర్వరు భీమవరంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ అబ్బాయి రూటరులో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికొచ్చే తలుపు, తెరిచి, సర్వరు తెర బ్రాంచిల్లోనే కనపడేలా రిమోట్ డెస్క్‌టాప్‌తో నడిపిస్తున్నాడు. నెట్ పోతే కాగితం చిట్టీలే గతి. ఈమధ్య ఒక కంపెనీవాళ్లు వచ్చి 'మేనేజ్డ్ వ్యాన్' (షాపులన్నిటినీ కలిపే నెట్‌వర్కు) తీసుకోండి, అందులో ఎంపీఎల్ఎస్ అయితే ఇంకా గట్టిది అంటున్నారు. మూడేళ్ల అగ్రిమెంటట. తీసుకోమంటారా?
– ఒక వ్యాపారి, భీమవరం

జవాబు: సంతకం పెట్టే పని ఒక నెల ఆపండి. పోర్టు మూయించే పని మాత్రం ఈరోజే చేయించండి. రిమోట్ డెస్క్‌టాప్‌ని అలా నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేస్తే పాస్‌వర్డులు వరసగా కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ తలుపు తడుతూనే ఉంటాయి. ఏదో ఒకరోజు లోపలికొచ్చి ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడుగుతారు. అప్పుడు మీ రైతుల బాకీల ఖాతా వాళ్ల చేతిలో ఉంటుంది. బ్రాంచి నుంచి సర్వరుకి వీపీఎన్ మీదే, అంటే ఇంటర్నెట్‌లోనే బయటివాళ్లు చూడలేని తాళం వేసిన దారిలోనే, రావాలి.

ఇక వ్యాన్ సంగతి. దూరదూరంగా ఉన్న షాపులు ఒకే గదిలో ఉన్నట్టు పనిచేయడానికి వేసే నెట్‌వర్కే అది. 'మేనేజ్డ్' అంటే దాని ఆలనాపాలనా కూడా కంపెనీదే: ప్రతి షాపులో రూటరు వాళ్లే పెడతారు, వాళ్ల కంట్రోలు రూములో కూర్చుని లైన్లు చూస్తుంటారు, ఒకటి పడిపోతే కంప్లయింటు వాళ్లే వేస్తారు, రూటరు కాలిపోతే మార్చేదీ వాళ్లే. మన కాలువల్లోకి నీళ్లు విజ్జేశ్వరం నుంచి వస్తాయి గానీ షట్టరు ఎత్తేదీ దించేదీ లస్కరు కదండీ, మీరు నెలనెలా కట్టేది చాలావరకు ఆ లస్కరు జీతమే అనుకోండి. మీ దగ్గర నెట్‌వర్కు తెలిసిన మనిషి లేడు, ఆరు ఊళ్లలో ఆరు కంప్లయింటు నంబర్లు పట్టుకుని తిరిగే తీరికా ఉండదు, కాబట్టి మేనేజ్డ్ తీసుకోవడంలో తప్పు లేదు. ఎంపీఎల్ఎస్ మాత్రం మీకు అనవసరం. అది ఇంటర్నెట్‌లోకి పోకుండా కంపెనీ సొంత నెట్‌వర్కులోనే విడిగా నడిచే దారి. బాగుంటుంది, కాదనను, కానీ అదే స్పీడుకి బ్రాడ్‌బ్యాండ్ కంటే అద్దె బాగా ఎక్కువ. మీరు పంపేది బిల్లులు, బాకీలు, స్టాకు. అవి పిడికెడు డేటా. అన్నట్టు, సీసీ కెమెరాల వీడియో కూడా భీమవరం లాగుదామనుకుంటే వద్దు, ఒక్కో మంచి కెమెరాయే 2 నుంచి 4 ఎంబీపీఎస్ తినేస్తుంది. రికార్డింగు ఏ షాపుది ఆ షాపులోనే ఉంచి, కావాల్సినప్పుడు తెరిచి చూసుకోండి.

మీకు సరిపోయేది ఎస్‌డీ-వ్యాన్. ప్రతి షాపులో ఒక ఫైబరు బ్రాడ్‌బ్యాండ్, దానికి తోడు వేరే కంపెనీ 4జీ సిమ్, రెండూ ఒకే పెట్టెలోకి. ఆ పెట్టె రెండు దారుల్లోనూ ఆలస్యం ఎంత, మధ్యలో డేటా ఎంత పోతోంది అని కొలుస్తూనే ఉంటుంది, ఏది బాగుంటే మీ బిల్లింగుని దాని మీదికి తిప్పుతుంది. డేటా అంతా వీపీఎన్ లోపలే పోతుంది. మారని ఐపీ అడ్రసు (నెట్‌లో మీ లైనుకుండే నంబరు) భీమవరంలో ఉంటే చాలు, బ్రాంచిల పెట్టెలే అక్కడికి ఫోన్ చేసుకున్నట్టు కలుస్తాయి. హెడ్డాఫీసులో మాత్రం ఫైబర్లే రెండు పెట్టించండి. అక్కడ పోతే ఐదు బ్రాంచిలూ పోయినట్టే కదా.

ఆ రెండు ఫైబర్ల దగ్గరే నేను ఒకసారి బోల్తాపడ్డాను. పాలకొల్లు దగ్గర ఒక ఆఫీసుకి రెండు కంపెనీల లైన్లు వేయించి, ఇక టెన్షన్ లేదు అనుకున్నా. వేసవిలో కాలువ కట్టేశాక పూడిక తీయడానికి వచ్చిన పొక్లెయిన్ గట్టు మీది ఒక స్తంభాన్ని తాకింది, రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. తీరా చూస్తే రెండు కంపెనీల తీగలూ ఆ స్తంభాల మీద నుంచే వస్తున్నాయి! బిల్లులు రెండు, దారి ఒకటి. అందుకని కంపెనీవాణ్ణి బండెక్కించుకుని తీగ ఏ దారిలో వస్తోందో చివరి కిలోమీటరు మీ కళ్లతో చూసుకోండి.

కరెంటు సంగతీ చూడండి. చాలా షాపుల్లో కంప్యూటరుకి యూపీఎస్ ఉంటుంది, గోడకి ఉన్న ఫైబరు డబ్బా మాత్రం మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, నెట్ ఉండదు, తిట్లు కంపెనీకి. డబ్బా, రూటరు రెండూ ఇన్వర్టరు మీద పెట్టండి.

మూడేళ్లు అనకుండా ఏడాదికి బేరమాడండి, మధ్యలో ఒక బ్రాంచి మూసేస్తే దాని అద్దె ఆగుతుందని రాయించండి. మలికిపురంలో రూటరు చెడితే మనిషి ఎక్కడి నుంచి బయల్దేరతాడో, స్పేర్ పెట్టె ఎక్కడుంటుందో అడగండి. 'విజయవాడ నుంచి పంపిస్తామండీ' అంటే చించినాడ వంతెన దాటి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఒక స్పేర్ భీమవరంలోనే ఉంచమనండి.

ప్రశ్న: మా రైసుమిల్లుకీ రెండు గోడౌన్లకీ లైను ఇచ్చేవాళ్లు 99.5 శాతం గ్యారంటీ అని కాగితం ఇచ్చారు. అంటే ఆగనట్టేనా?
– మండపేట

జవాబు: ఆగుతుందండీ, నెలకి 3 గంటల 36 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. 99 శాతమైతే 7 గంటల 12 నిమిషాలు, 99.9 అయితే 43 నిమిషాలు. వాళ్లు ముందే చెప్పి చేసుకునే రిపేర్లు, మీ వైపు కరెంటు కోతలు ఈ లెక్కలోకి వస్తాయో రావో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది చదవండి. మాట తప్పితే ఇచ్చేది కూడా మామూలుగా అద్దెలో కొంత తగ్గింపే, లారీలు ఆగిన నష్టం కాదు.

ప్రశ్న: మాది చిన్న ల్యాబ్, రాజోలులో, ముమ్మిడివరంలో శాంపిల్ సెంటర్లు ఉన్నాయి. రెండు సిమ్ములు వేసే రూటరు కొనుక్కుంటే చాలదా అండీ?
– ఒక సోదరి, అమలాపురం

జవాబు: మీకు అదే చాలమ్మా. పేషెంటు పేరు ఎక్కించి, రిపోర్టు పంపడానికి ఎస్‌డీ-వ్యాన్ ఖర్చంతా ఎందుకు. ఒక సిమ్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఐపీ అడ్రసు మారిపోయి సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి మళ్లీ లాగిన్ అడుగుతుంది, అంతే. సిమ్ములు రెండూ ఒకే కంపెనీవి కొనకండి. వీలైతే రెండు కంపెనీల టవర్లూ వేర్వేరు చోట్ల ఉన్నాయో లేదో కనుక్కోండి, ఒక్కోచోట రెండూ ఒకే టవరు మీద ఉంటాయి. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకి చెప్పక్కర్లేదు, కొబ్బరిచెట్టు పడితే ముందు పోయేది స్తంభాల మీది తీగలే. టవరు బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపు నడుస్తుంది. అది కూడా ఆగితే శాంపిల్ రిజిస్టరు కాగితం మీద రాసుకోవడానికి ఒక పుస్తకం రెండు సెంటర్లలోనూ ఉంచండి.