నేల మీద పడుకుని చూడండి

పాలకొల్లులో కార్ల షెడ్డు నడిపే మేస్త్రీ పాఠకుల సందేహాలకు ఇచ్చే జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది మలికిపురం దగ్గర పల్లె. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేస్తున్నాను. భీమవరం వైపు ఒక రొయ్యల రైతు దగ్గర 2017 నాటి విటారా బ్రెజా డీజిల్ కారు బేరానికి వచ్చింది. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ‘డీజిల్ కారుకు పదేళ్లే ఆయుష్షు, తర్వాత తూకానికి వేయాల్సిందే’ అని మా మరిది భయపెడుతున్నాడు. ‘ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు’ అని బ్రోకరు అంటున్నాడు. కొంటే నిజంగా ఎన్నాళ్లు వస్తుంది? ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లకు మించి తిప్పను.

జవాబు: అమ్మా, ముందు ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ మరిది గారు చెప్పిన పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. ఆ తర్వాత బండి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. కాగితాల లెక్కన మీకు 2032 దాకా ఢోకా లేదు.

ఇంజను విషయంలోనూ నాకు పెద్దగా భయం లేదు. అది 1248 సీసీ డీజిల్ ఇంజను, ఫియట్ రూపొందించినది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలలోనూ ఇదే నడిచింది. 2020లో వాహనాల పొగపై కఠినమైన బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పినా, రోడ్ల మీద ఇవి ఇంకా బోలెడు ఉన్నాయి. సామానుకు కరువు లేదు, చెయ్యి తిరిగిన మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. ఇదే ఇంజనుతో మూడు లక్షల కిలోమీటర్లు దాటిన ట్యాక్సీలు నా షెడ్డుకు ఇప్పటికీ వస్తున్నాయి. వేళకు ఆయిలు మార్చిన బండి అయితే రెండున్నర లక్షల దాకా ఇంజను విప్పే పని రాదని నా అంచనా. మీరు తిప్పే లెక్కన అది పదేళ్ల పైమాటే.

అయితే ఒకటి. చూడటానికి వెళ్లేముందే ఫోను చేసి, మీరు వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే మరో రోజు రండి. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు రెండు మూడు సెకన్లకు మించి గొలుసు ఈడ్చినట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైను, అంటే పిస్టన్లు, వాల్వులు ఒక లయలో కదిలేలా చూసే గొలుసు, సాగిందని అర్థం. అమ్మేవాళ్లు ముందుగానే ఇంజను వేడి చేసి ఉంచేది చాలాసార్లు ఈ చప్పుడు వినపడకుండా ఉండటానికే.

ఇక నన్ను కలవరపెడుతున్న మాటకు వస్తాను. ‘రొయ్యల రైతు’ అన్నారు చూడండి, అదీ సంగతి.

బ్రెజా, క్రెటా, నెక్సాన్ లాంటి బండ్లు చూడటానికి జీపుల్లా ఎత్తుగా ఉంటాయి కానీ, లోపల కార్లే. బొలెరోకు కింద వేరే ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉంటుంది. పై బాడీ తుప్పు పట్టినా, రేకు కోసి అతుకు వేసి ఇంకొన్నాళ్లు లాగించవచ్చు. వీటికి ఆ ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి అంచు, చక్రాల దగ్గరి మడతలు, ఇవన్నీ కలిసే బండి బరువు మోస్తాయి. అక్కడ చిల్లు పడితే వెన్నెముకకు పడినట్టే. అందుకే హైదరాబాదులో కిలోమీటర్లు చూసి కారు కొంటే సరిపోతుందేమో గానీ, నరసాపురం, అంతర్వేది, భీమవరం చుట్టుపక్కల అది చాలదు. ఇక్కడ కారు ఆయుష్షు తేల్చేది ఇంజను కాదు, అడుగు భాగం.

చెరువు గట్ల మీద తిరిగే కారుకు రోజూ ఉప్పునీటి స్నానమే. ముందు పోతున్న రొయ్యల లారీ నుంచి కారే ఐసునీళ్లు కూడా దీని కిందే చిమ్ముతాయి. అంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. చాలామంది రైతులు చెరువుకు వేసే బ్లీచింగ్ పౌడరు బస్తాలను డిక్కీలోనే తెస్తారు. బస్తా చిరిగి ఓ గుప్పెడు పొడి స్టెప్నీ గుంటలో పడి చెమ్మ తగిలిందా, ఇక అక్కడి రేకును లోపలి నుంచే తినేస్తుంది. మొన్న ఇలాంటిదే ఒక బండి నా దగ్గరకు వచ్చింది. పైకి గీత కూడా లేదు. స్టెప్నీ తీసి చూస్తే, అడుగున బోల్టు చుట్టూ రేకు అప్పడంలా పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూ డ్రైవరు మొనతో కాస్త నొక్కాను, కింద షెడ్డు నేల కనిపించింది.

కాబట్టి బేరం మాట్లాడే ముందు కారు కింద నిలబడి చూసే గుంట ఉన్న షెడ్డుకు దాన్ని తీసుకువెళ్లండి. అమ్మేవాడికి తెలిసిన షెడ్డు కాకుండా మీరు ఎంచుకున్నదై ఉండాలి. గుంట లేకపోతే గోనెపట్టా పరిచి, మెకానిక్‌ను నేల మీద పడుకుని చూడమనండి. జాకీ పెట్టే అంచులు, బ్రేకు గొట్టాలు, డీజిల్ ట్యాంకును పట్టి ఉంచే పట్టీలు, వెనక చక్రాలను కలిపే దూలం, ముందు ఇంజనును మోసే ఫ్రేము చూడాలి. పైపైన ఎర్రగా ఉన్న తుప్పు ఫరవాలేదు, గీకి మందు పూయిస్తే ఆగుతుంది. పొరలుగా లేస్తున్నా, స్క్రూ డ్రైవరు పిడితో తడితే ఖంగుమనకుండా మెత్తగా మోగినా మాత్రం వదిలేయండి. అడుగంతా కొత్తగా నల్ల రంగు పూసి నిగనిగలాడుతుంటే ఇంకా అనుమానించండి. ఇన్నేళ్ల కారుకు అమ్మే వారం ముందు రంగు పూయాల్సిన అవసరం ఏమొచ్చిందో అడగండి. సమాధానం ఎలా ఉన్నా, ఆయన ముఖం చూడండి.

మీది కోనసీమ కాబట్టి వరద సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో ఎన్ని వాహనాలు మునిగాయో చూశాం. అప్పుడు మునిగిన కార్లు తుడుచుకుని, అత్తరు కొట్టించుకుని ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, చివర ఒండ్రు చార కనిపిస్తే ఆ బండి నీళ్లలో నిలిచిందే. సీట్లు జరిగే పట్టాల కింద, కార్పెట్ ఎత్తి దాని కింద కూడా చూడండి. మునిగిన బండి ఇంజను బాగైనా వైర్లు బాగుపడవు. ఈ నెల హారను, వచ్చే నెల పవర్ విండో, ఆ పై నెల ఏకంగా స్టార్టే కాకపోవడం, ఇదీ దాని వరస.

అడుగు శుభ్రంగా ఉంటే నిశ్చింతగా కొనండి. ఎనిమిది నుంచి పదేళ్లు వాడుకుంటారు. క్లచ్చు, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లకు మొదటి ఏడాది ఓ యాభై అరవై వేలు చేతిలో ఉంచుకోండి. అవి అరిగేవే, వాటికి బెంబేలు పడవద్దు. అడుగున తుప్పు ముదిరి ఉంటే మూడు నాలుగేళ్లే, అదీ రిపేర్లతో. ఆ ధరకు ఎవరైనా బ్యాంకు ఉద్యోగి తణుకులోనో రాజమహేంద్రవరంలోనో ఆఫీసుకు తిప్పిన బండి ఇంకో ముప్పై వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా, నేనైతే దాన్నే ఎంచుకుంటాను. కొన్నాక మాత్రం తీరం వైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల పైపు కారు కింద పట్టండి. పైన తుడవకపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: అమలాపురం నుంచి రిటైరైన ఉద్యోగిని. 2021 డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మార్కెట్‌కు, గుడికి తప్ప తీయను. పొగకు సంబంధించిన దీపం డ్యాష్‌బోర్డు మీద మాటిమాటికీ వెలుగుతోంది. బండి పాడైనట్టేనా?

జవాబు: బండి పాడు కాలేదండీ, మీ వాడకానికి అది సరిపోలేదు. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బాగా వేడెక్కితేనే అందులోని మసి కాలిపోతుంది. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఆ వేడి రాదు. వారానికోసారి రావులపాలెం వెళ్లి జాతీయ రహదారి ఎక్కి, ఆగకుండా అరగంట నడపండి. అయినా దీపం ఆరకపోతే ఆలస్యం చేయకుండా సర్వీసుకు ఇవ్వండి, ఫిల్టరు మార్చాల్సి వస్తే ఖర్చు గట్టిగానే తగులుతుంది. మీ తిరుగుడుకు పెట్రోలు బండి కొనాల్సింది. ఇప్పటికైనా మార్చుకోగలిగితే మార్చుకోండి.

ప్రశ్న: ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్ చౌకగా వస్తోంది. కంపెనీ వెళ్లిపోయింది కదా, కొనవచ్చా? (పెనుగొండ నుంచి)

జవాబు: ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించారు, అందుకే చౌక. బండి గట్టిదే. కానీ బ్రెజాలా దీనికి చైను కాదు, టైమింగ్ బెల్టు. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, ఇంజను మీద ఆశ వదులుకోవాల్సిందే. బేరానికి ముందు, బెల్టు మార్చినట్టు బిల్లు చూపించమనండి. చూపించలేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించండి.