రాతిలో చిల్లు, కవితలో ఖాళీ

చిరంజీవికి ఆశీస్సులు.

చైనా పండితులు బల్ల మీద పెట్టుకునే రాయి గురించి నువ్వు పంపిన పదకొండు నానీలూ (నాలుగు పాదాల చిట్టి కవితలు) చదివాను. తొమ్మిదింట్లో ‘మౌనం’ ఉంది. ఆ మాట పొలం గట్టు మీది బండకైనా సరిపోతుంది, అందుకే ఈ రాయి గురించి ఏమీ చెప్పదు. ముందు దాన్ని తీసెయ్యి. ‘యుగాలు’, ‘తపస్సు’ కూడా దాని వెంటే పోవాలి.

తర్వాత, అది ఏ రాయో తేల్చుకో. తైహు రాయి సుజౌ దగ్గరి సరస్సుది; నీళ్లు సున్నపురాయిని తొలిచి చిల్లులు చేశాయి. లింగ్‌బీ రాయిని అన్హుయ్‌లో మట్టి తవ్వి తీస్తారు. ఎక్కువగా నల్లగా ఉంటుంది, కొడితే గంటలా మోగుతుంది. నీ నాలుగో నానీలో లింగ్‌బీ రాయిని అలలు కడుగుతున్నాయి. తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. పైగా ఆ మోత నీకు దక్కకుండా పోయింది. కొన్ని తైహు రాళ్లను మనుషులే ఉలితో తొలిచి, గాట్లు అరిగేదాకా మళ్లీ సరస్సులో వేసేవారు. ‘ప్రకృతి చెక్కిన శిల్పం’ అని రాసేముందు ఈ సంగతి చూసుకో. ఆ దాచిన ఉలిగాటులోనే మంచి నానీ ఒకటి ఉంది.

రాయిని ఎంచడానికి చైనావాళ్లు చెప్పే గుణాలు నాలుగు. సోంగ్ రాజవంశ కాలపు చిత్రకారుడు మీ ఫు (1051–1107) చెప్పినవిగా ప్రసిద్ధి. సన్నగా ఉండాలి, అవతలి వెలుగు కనబడాలి, చిల్లు నుంచి చిల్లుకు దారి ఉండాలి, ఒంటి మీద ముడతలుండాలి. ఈ నాలుగూ కవిత దిద్దుకోవడానికీ పనికొస్తాయి. చూడు:

పైన పోసిన నీళ్లు
నాలుగు చిల్లుల్లో దిగి
ఐదో దాని దగ్గర
ఆగాయి

సరిగ్గా 25 అక్షరాలు, నానీకి అదే హద్దు. ‘ఆగాయి’కి ముందు ‘నిశ్శబ్దంగా’ చేర్చావంటే హద్దు దాటుతుంది. అంతకంటే నష్టం, అవతలి వెలుగు మూసుకుపోతుంది. నీళ్లు ఎందుకు ఆగాయన్నది పాఠకుడికి వదలాలి. పాదాల మధ్య దారి ఉందో లేదో ఇలా చూడు: మూడో పాదం తీసేస్తే నాలుగోది కూలాలి. కూలకపోతే అవి పక్కపక్కన పెట్టిన రెండు వాక్యాలే. ‘చిల్లు’ను ‘రంధ్రం’గా మార్చకు, ఆ గరుకే ముడత. కొత్తవాళ్లు సన్నదనం ఒక్కటే పట్టుకుని చెక్కీ చెక్కీ చివరికి సూక్తి మిగుల్చుకుంటారు. నీ ఏడోదానికీ, తొమ్మిదోదానికీ జరిగింది అదే.

జ్యువేజ్యు అనే చైనా కవితారూపంలోనూ పాదాలు నాలుగే; చిన్న రకంలో పాదానికి ఐదు చొప్పున 20 అక్షరాలు. అయితే అక్కడ ఒక్కో అక్షరం దాదాపు ఒక మాట. మన 25లో పది మాటలు పట్టడమే కష్టం. కాబట్టి ‘వలె’, ‘లాగా’లకు చోటు లేదు. రాయి ఏనుగులా ఉందనగానే ఏనుగు మిగులుతుంది, రాయి పోతుంది.

పీఠం సంగతి. రాయి అడుగు ఎలా వంకర తిరిగితే చెక్కను అలాగే తొలిచి కూర్చోబెడతారు. నీ కవితకు శీర్షిక ఆ పీఠం. లోపల చెప్పనిది అక్కడ పెట్టు: రాయి పేరు, ఊరు, చూసిన వేళ. పై నానీకి ‘తైహు రాయి, మధ్యాహ్నం’ చాలు.

మీ ఫు రాయికి వంగి దణ్ణం పెట్టి అన్నగారూ అని పిలిచిన కథ జోలికి ఇప్పుడప్పుడే పోకు; దాని మీద చాలామంది రాశారు.

ఇక పని. 1610లో చైనా చిత్రకారుడు వూ బిన్ ఒకే ఒక్క లింగ్‌బీ రాయిని పది వైపుల నుంచి చూసి పది బొమ్మలు గీశాడు. నువ్వు ఫోటో చూసి రాస్తున్నావు, అది ఒక్క వైపే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని చైనా తరహా తోట ఆస్టర్ కోర్ట్‌లో తైహు రాళ్లున్నాయి. వెళ్లగలిగితే మంచిది, లేదా ఇంటి దగ్గర ఏదైనా చిల్లుల రాయి తెచ్చుకో. రోజుకో వైపు, పది రోజులు, రోజుకొక్కటే నానీ. మొదటి మూడూ పాత మాటలతోనే వస్తాయి, చింపకు. వెనుకవైపు చూసి రాసినవి ముందుగా నాకు పంపు.